అప్‌డేట్: ప్లస్ త్రీనా, ఐటీఐనా? మా తమ్ముడి సంగతి తేలింది (పర్లాకిమిడి, ఒడిశా)

మేలో అడిగాను కదా: ప్లస్ టూ (ఇంటర్) పాసైన మా తమ్ముడు ప్లస్ త్రీ (మా దగ్గర డిగ్రీని అలా అంటారు) వద్దు, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరతానంటున్నాడు, డిగ్రీ లేకపోతే రేపు ఎలాగని నాన్నకి టెన్షన్ అని. ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు ఐటీఐకి వెళ్లి వర్క్‌షాప్ చూసి రండి" అన్న సలహాయే పనిచేసింది. ముగ్గురం బరంపురం వెళ్లాం. అక్కడి సార్ రెండు రాగి తీగలిచ్చి జాయింట్ వెయ్యమన్నారు. వాడు ఇన్సులేషన్ ఒలిచి, పటకారుతో మెలిపెట్టి ఇచ్చాడు. సార్ గట్టిగా లాగినా ఊడలేదు. నాన్న చాలాసేపు ఆ తీగనే చూస్తూ ఉండిపోయారు. ఇన్నాళ్లూ వాడి మార్కులే చూశాం, చేతిపని చూడలేదని నాకప్పుడే తెలిసింది.

సార్ చెప్పింది: అర్హత పదో తరగతి, కోర్సు రెండేళ్లు. తర్వాత అప్రెంటిస్‌షిప్ చేయొచ్చు, సీటొస్తే పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ (రైలు డ్రైవర్‌కి సహాయకుడు) పోస్టుకి పదో తరగతితోపాటు ఈ ట్రేడ్ ఐటీఐ ఉంటే చాలు, డిగ్రీ అడగరు. ప్లస్ టూ ఉంది కాబట్టి ఇగ్నో అనే దూరవిద్య యూనివర్సిటీలో డిగ్రీ ఎప్పుడైనా కట్టొచ్చు. సివిల్స్, బ్యాంకు ఆఫీసరు పోస్టులకు మాత్రం డిగ్రీ ఉండాల్సిందే. అది తెలిసే వాడు ఐటీఐకి సిద్ధపడ్డాడు.



మొన్న సోమవారం ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరాడు.