ఎక్స్‌పోర్ట్ పెట్టగానే సిస్టమ్ ఆగిపోతోంది: బోర్డా, ఎస్‌ఎంపీఎస్సా, ఇంటి కరెంటా?

పటమట ఎడిటర్ (విజయవాడ):
అందరికీ నమస్కారం. ఇంట్లోనే పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. సిస్టమ్ 2019లో పార్టులు కొనుక్కుని నేనే బిగించుకున్నది. రైజెన్ 5 2600, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1660 గ్రాఫిక్ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు అందించే పెట్టె). ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా మొరాయించలేదు. పోయిన నెలలో ప్రాసెసర్ తీసి 5600 వేశాను, కార్డు మార్చి ఆర్‌టీఎక్స్ 3060 పెట్టాను. మిగతావన్నీ పాతవే.

ఇప్పుడేమవుతోందంటే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కటింగ్ చేసుకున్నా ఏమీ కాదు. ఎక్స్‌పోర్ట్ (కట్ చేసినదంతా ఒకే వీడియో ఫైలుగా తీయడం) పెట్టిన ఐదారు నిమిషాలకు లోపల 'టిక్'మని చిన్న శబ్దం వస్తుంది. స్క్రీన్ నల్లబడి, ఫ్యాన్లు ఆగిపోయి, రెండు సెకన్లలో దానంతటదే మళ్ళీ లేస్తుంది. విండోస్ తప్పు చూపించే నీలం స్క్రీన్ రాదు. విండోస్ జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని ఒక్కటే కనిపిస్తోంది. ఊళ్ళో ఒక షాపులో చూపిస్తే బోర్డు పోయింది, బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చాల్సిందే అన్నారు. ముప్ఫై వేల పైమాటే. వైశాఖం పెళ్ళిళ్ళవి నాలుగు వీడియోలు ఇవ్వాలి. అందులో ఒకమ్మాయి అమెరికా వెళ్ళిపోతోంది, వాళ్ళ నాన్నగారు రోజూ ఫోన్ చేస్తున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఇంకో విషయం. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో తెలియదు. చెప్పులు లేకుండా నిలబడి క్యాబినెట్ వెనక స్క్రూ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది.

బ్రాడీపేట సర్వీస్ (గుంటూరు):
తమ్ముడూ, ముందు ఆ ముప్ఫై వేలు జేబులోనే పెట్టుకో. పదిహేనేళ్ళుగా సిస్టమ్స్ సర్వీసు చేస్తున్నాను. కెర్నల్-పవర్ 41 చూసి బోర్డు పోయిందని ఎవరూ తేల్చలేరు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని విండోస్ తర్వాత లేచి రాసుకునే మాట అది. ఎందుకు ఆగిందో దానికీ తెలియదు. కరెంటు పోయినా 41 వస్తుంది, పిల్లాడు స్విచ్ నొక్కినా వస్తుంది.

నీలం స్క్రీన్ రాకుండా, బరువు పడినప్పుడే, ఒక్కసారిగా ఆగిపోతోందంటే నా అనుమానం మొదట ఎస్‌ఎంపీఎస్ మీదకే వెళ్తుంది. నీ లెక్కే చూడు. 1660 కార్డు 120 వాట్లది, 3060 అయితే 170. ఆ కార్డుకు 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని తయారుచేసినవాళ్ళే చెప్తున్నారు. నీది 450, పైగా 2019ది. ఎక్స్‌పోర్ట్‌లో కార్డూ ప్రాసెసరూ రెండూ ఒకేసారి లాగుతాయి, కార్డయితే సెకనులో వెయ్యో వంతు సేపు దాని లెక్కకు మించి లాగుతుంది. లోపలి కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిలవ ఉంచే భాగాలు) ఎండిపోయిన ఎస్‌ఎంపీఎస్ ఆ కుదుపు తట్టుకోలేక రక్షణ కోసం తనే ఆగిపోతుంది. నువ్వు విన్న 'టిక్' అదే అయి ఉండొచ్చు.

ఏదీ కొనకముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెయ్యి. కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్ వేసుకుని కార్డు పవర్ లిమిట్ 70 శాతానికి దించు. 170 కాస్తా 120 దరిదాపుల్లోకి వస్తుంది. అదే ఎక్స్‌పోర్ట్ మళ్ళీ పెట్టు. పూర్తయితే బోర్డు జోలికి పోనక్కర్లేదు. ఈలోగా హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో వేడి ఎంత చూపిస్తోందో రాయి.

కొరిటెపాడు కుర్రాడు (గుంటూరు):
బ్రో, ర్యామ్ కూడా చూసుకో. నాది ఇలాగే ఆగిపోయేది. రెండు కంపెనీల ర్యామ్‌లు నాలుగు స్లాట్లలో పెట్టి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేశాను. అది ఆపేశాక బాగైంది. రెండే ర్యామ్‌లుంటే ప్రాసెసర్ పక్క నుంచి లెక్కపెట్టి రెండో స్లాటూ నాలుగో స్లాటూ వాడాలి. నేను మొదట్లో ఒకటీ రెండులో పెట్టుకుని ఏడాది నడిపాను.

బ్రాడీపేట సర్వీస్:
నీకు నీలం స్క్రీన్లు వచ్చేవా, నేరుగా ఆగిపోయేదా?

కొరిటెపాడు కుర్రాడు:
నీలం స్క్రీన్లే అన్నా.

బ్రాడీపేట సర్వీస్:
అదే తేడా. ర్యామ్ తప్పయితే ఎక్కువసార్లు విండోస్ ఏదో ఒకటి గోల పెట్టి చస్తుంది. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒక రాత్రి నడిపితే తేలిపోతుంది. పటమట తమ్ముడూ, అది కూడా చెయ్యి, కానీ రెండోది.

మొగల్రాజపురం మాస్టారు (విజయవాడ):
ఎలక్ట్రికల్ లెక్చరర్‌గా చేసి రిటైర్ అయ్యాను. మీరందరూ ఆగిపోవడం గురించి మాట్లాడుతున్నారు, నాకు మాత్రం చెయ్యి జివ్వుమన్న మాట దగ్గరే భయం వేసింది. ఎడిటర్ గారూ, మీ సాకెట్‌కు ఎర్త్ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు క్యాబినెట్ బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ లీకేజీ నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ మీద దాదాపు సగం ఓల్టేజీ, అంటే నూటపది దాకా నిలుస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ ఎస్‌ఎంపీఎస్ లోపల ఎప్పుడైనా ఫేజు బాడీకి తగిలిందంటే మిమ్మల్ని కాపాడేది ఇంకేమీ ఉండదు.

మల్టీమీటరుతో సాకెట్ దగ్గర మూడు చోట్ల కొలిపించండి. ఫేజు-న్యూట్రల్ 230 దగ్గర ఉండాలి. ఫేజు-ఎర్త్ కూడా అంతే ఉండాలి. న్యూట్రల్-ఎర్త్ రెండు మూడు ఓల్టులు దాటకూడదు. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. కొంతమంది సాకెట్ వెనకే న్యూట్రల్ తీగ ముక్కను ఎర్త్ పిన్నుకు కలిపేసి అయిపోయిందంటారు. దయచేసి ఒప్పుకోవద్దు. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే మీ క్యాబినెట్ మొత్తం ఫేజు అయిపోతుంది.

సింగ్‌నగర్ లెక్కలు (విజయవాడ):
ఇంట్లో కూర్చుని షాపుల జీఎస్టీ, ట్యాలీ లెక్కలు చూస్తాను. పటమట అన్నయ్య సమస్యకు నా దగ్గర జవాబు లేదు, కానీ సిస్టమ్ ఎక్కడ పెట్టారని అడగాలనిపించింది. నాది టేబుల్ కింద నేల మీద ఉండేది. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు నీళ్ళు వచ్చాయి. పిల్లల్ని, సర్టిఫికెట్లను పట్టుకుని పై అంతస్తుకు వెళ్ళిపోయాం. సిస్టమ్ గుర్తొచ్చేసరికి కింద నడుముల్లోతు నీళ్ళు. తిరిగి కిందికి దిగాక చూస్తే క్యాబినెట్‌లో సగం దాకా బురదే. గ్రాఫిక్ కార్డు ఫ్యాన్ రెక్కల మధ్య గడ్డిపరకలు ఇరుక్కుని ఉన్నాయి.

చాలామంది ఎండలో పెట్టి ఆన్ చేసి చూద్దాం అన్నారు. మా తమ్ముడు స్విచ్ దగ్గరకే రానివ్వలేదు. అన్నీ విప్పి, బోర్డు మీదున్న గుండ్రటి బ్యాటరీ ముందు తీసేశాడు. దాని చుట్టూ అప్పటికే పచ్చగా చిలుము పట్టింది. ఎస్‌ఎస్‌డీని మంచినీళ్ళతో కడిగి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేసి, వారం రోజులు ఫ్యాను కింద పెట్టాడు. తర్వాత కేబుల్‌తో ఇంకో సిస్టమ్‌కు తగిలిస్తే తెరుచుకుంది. ఆ స్క్రీన్ మీద నా ఫోల్డర్లు కనపడగానే ఏడ్చేశాను. బోర్డు, ఎస్‌ఎంపీఎస్ పారేశాం. పాత హార్డ్‌డిస్క్ కూడా దక్కలేదు. దానికి గాలి కోసం ఒక చిన్న రంధ్రం ఉంటుందట, దానిలోంచి నీళ్ళు లోపలికి పోయాయి. మా పెద్దమ్మాయి అన్నప్రాశన ఫోటోలు అందులోనే ఉన్నాయి.

ఇప్పుడు క్యాబినెట్ టేబుల్ మీదే. వారానికోసారి బయటి డిస్క్‌లోకి బ్యాకప్ తీసి మా అక్కవాళ్ళింట్లో పెడుతున్నాను. అన్నయ్యా, పెళ్ళి వీడియోలు మీ దగ్గర ఒక్కచోటే ఉన్నాయా?

పటమట ఎడిటర్:
చెల్లెమ్మా, నీ పోస్టు చదివి రాత్రికి రాత్రే నాలుగు పెళ్ళిళ్ళ ఫుటేజీ ఇంకో డిస్క్‌లోకి ఎక్కించాను. తప్పు నాదే, ఒక్కచోటే ఉన్నాయి.

ఇక మిగతా సంగతులు. మాస్టారు గారి మాటే నిజం. సాకెట్ తెరిస్తే ఎర్త్ పిన్నుకు అసలు తీగే లేదు. గోడలోంచి వచ్చిన పచ్చ తీగను వెనక చుట్టచుట్టి వదిలేశారు. కలిపాక న్యూట్రల్-ఎర్త్ 1.6 వచ్చింది. జివ్వుమనడం పూర్తిగా పోయింది. కానీ ఆగిపోవడం మాత్రం అలాగే ఉంది.

వేడి: ప్రాసెసర్ 74, కార్డు 71. యూపీఎస్ తీసేసి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టినా అంతే. మెమ్‌టెస్ట్ నాలుగు రౌండ్లు, ఒక్క తప్పూ లేదు. ఇక పవర్ లిమిట్ 70 పెట్టాను. గంటా ఇరవై నిమిషాల వీడియో మొత్తం ఎక్స్‌పోర్ట్ అయింది! మళ్ళీ 100 పెడితే ఆరో నిమిషంలో 'టిక్'.

బ్రాడీపేట సర్వీస్:
ఇక చాలు, దొంగ దొరికినట్టే. ఒక్కటి మాత్రం నిర్ధారణ చేసుకో. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే నాలుగు పిన్నుల పాత కనెక్టర్‌లో పసుపు తీగ 12 ఓల్టులది, నలుపు గ్రౌండు. ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా మీటరు పుల్లలు ఆ రెండింట్లో పెట్టి చూడు. పుల్లలు ఒకదానికొకటి తగలనివ్వకు. ప్రమాణం ప్రకారం 11.4 కంటే దిగకూడదు. తర్వాత తెలిసినవాళ్ళ దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ ఒక రోజుకు అడుగు. మార్చి చూడకుండా కొనకు.

యూపీఎస్ ఎంతది?

పటమట ఎడిటర్:
600 వీఏ.

మొగల్రాజపురం మాస్టారు:
600 వీఏ అంటే 600 వాట్లు కాదండీ. ఆ సైజువి ఎక్కువగా 360 వాట్లే ఇస్తాయి. మీ కార్డుకు 170, ప్రాసెసర్ 76 దాకా లాగుతుంది, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు, మానిటర్ కలిపితే 330 ప్రాంతం. అంచు మీద నడుపుతున్నారు. ఎక్స్‌పోర్ట్ మధ్యలో కరెంటు పోతే అది ఎంతోసేపు నిలబెట్టదు. వెయ్యి వీఏది ఆలోచించండి. తొందరేమీ లేదు, ముందు ఎస్‌ఎంపీఎస్ సంగతి చూసుకోండి.

కొరిటెపాడు కుర్రాడు:
మధ్యలో నాదొకటి. మా బాబాయ్ వాళ్ళబ్బాయి 2017లో కొన్న రైజెన్ 3 1200 సిస్టమ్ నాకిచ్చాడు. విండోస్ 10కు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11 ఏమో ఈ ప్రాసెసర్‌ను ఒప్పుకోవడం లేదు. బోర్డు బీ350. కొత్త రైజెన్‌లు పట్టే ఏఎం5 బోర్డుకు వెళ్ళాలా, ఇందులోనే 5600 వెయ్యాలా?

బ్రాడీపేట సర్వీస్:
ఏఎం5కు డీడీఆర్5 ర్యామ్ తప్ప వేరే పడదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా మండిపోతున్నాయో చూస్తూనే ఉన్నావు. చదువుకునే పిల్లాడివి, చేతిలో ఉన్న డీడీఆర్4ను కాపాడుకో. మీ బోర్డు కంపెనీ సైట్‌లో 5600 పేరు జాబితాలో ఉందో లేదో, ఏ బయోస్ (బోర్డును లేపే ప్రోగ్రామ్) వెర్షన్ నుంచి పడుతుందో చూడు. ఉంటే పాత ప్రాసెసర్ లోపల ఉండగానే బయోస్ అప్‌డేట్ చెయ్యాలి. ప్రాసెసర్ మార్చాక చేద్దామంటే డిస్‌ప్లేనే రాదు. అప్‌డేట్ చేసేటప్పుడు యూపీఎస్ మీద పెట్టు, బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకో. ప్రాసెసర్ మారితే అది అడుగుతుంది.

పటమట ఎడిటర్:
తమ్ముడూ, ప్రాసెసర్ తీసేటప్పుడు జాగ్రత్త. నేను 2600 తీసినప్పుడు కూలర్‌ను నిటారుగా పైకి లాగాను. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్ట్ ఎండి జిగురులా పట్టేసి ఉంది, లీవర్ బిగించి ఉండగానే ప్రాసెసర్ కూడా కూలర్‌కు అతుక్కుని ఊడి వచ్చింది. ఒక మూల మూడు పిన్నులు వంగిపోయాయి. పెన్సిల్ ములికి తీసేసిన క్లచ్ పెన్సిల్ గొట్టాన్ని ఒక్కో పిన్నుకు తొడిగి, వరసతో సమానమయ్యేదాకా ఊపిరి బిగపట్టి నిలబెట్టాను. నువ్వు తీసేముందు పది నిమిషాలు ఏదైనా బరువైన పని పెట్టి వేడెక్కనివ్వు. తర్వాత ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, కూలర్‌ను కొంచెం అటూ ఇటూ తిప్పి, వదులయ్యాకే ఎత్తు.

పటమట ఎడిటర్ (మూడు రోజుల తర్వాత):
మీటరు పెట్టాను. ఖాళీగా ఉన్నప్పుడు 11.9, ఎక్స్‌పోర్ట్ మొదలయ్యాక 11.5, 11.4, ఆ తర్వాత 11.3 చూపించిన మరుక్షణం ఆగిపోయింది. భవానీపురంలో ఉన్న స్నేహితుడి 650 వాట్లది తెచ్చి పెట్టాను. లిమిట్ 100లోనే మూడు ఎక్స్‌పోర్టులు వరసగా అయ్యాయి. 12 ఓల్టులు ఒక్కసారి కూడా 12 కిందికి రాలేదు. నిన్న కొత్తది కొనేశాను, ఐదు వేల చిల్లర. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ ఏవీ మార్చలేదు. ఆ అమ్మాయి వాళ్ళ నాన్నగారికి ఈ ఉదయం పెన్‌డ్రైవ్ ఇచ్చాను, వాళ్ళింట్లోనే టిఫిన్ పెట్టారు.

మొగల్రాజపురం మాస్టారు:
చాలా సంతోషం. రోహిణి కార్తె వస్తోంది. మీ అపార్ట్‌మెంట్ ఎర్త్ గొయ్యి సెల్లార్‌లో ఎక్కడుందో వాచ్‌మెన్‌ను అడిగి రోజూ ఒక బిందె నీళ్ళు పోయించండి. మట్టి ఎండిపోతే ఇప్పుడున్న 1.6 ఉండదు.

సింగ్‌నగర్ లెక్కలు:
పాత ఎస్‌ఎంపీఎస్ ఏం చేశారు అన్నయ్యా? మా తమ్ముడు మామూలు ఆఫీసు సిస్టమ్‌కు పనికొస్తుందేమో అంటున్నాడు.

బ్రాడీపేట సర్వీస్:
వద్దమ్మా. బరువు పడితే 11.3కు దిగినది ఏ సిస్టమ్‌లో పెట్టినా ఆ బోర్డుకు ముప్పే. దాన్ని ఇంట్లో విప్పడం కూడా వద్దు. ప్లగ్ పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో మూడు వందల ఓల్టుల పైన నిలవ ఉండొచ్చు. తమ్ముడూ, ఎప్పుడైనా గుంటూరు వస్తే నా దగ్గరకు తీసుకురా, విప్పి ఏ కెపాసిటర్ ఉబ్బిందో చూసి ఇక్కడ ఫోటో పెడతాను.

పటమట ఎడిటర్:
ఆదివారం అరండల్‌పేటలో ఒక నిశ్చితార్థం షూట్ ఉంది. అది కాగానే తెస్తాను అన్నయ్యా.