100 రూపాయల స్టాంపు కాగితం మీద విడాకులు రాసుకుంటే చెల్లుతుందా? (విజయవాడ)

కృష్ణలంక అన్న:
మా చెల్లి గురించి అడుగుతున్నాను. పెళ్లి 2016లో తెనాలిలో చేశాం. 2021 నుంచి బాబుతో మా ఇంట్లోనే ఉంటోంది. వాడికిప్పుడు ఏడేళ్లు. అప్పట్లో గొడవలు ముదిరితే, కోర్టులూ పోలీసులూ ఎందుకులే అని రెండు వైపుల పెద్దమనుషులు మా మేనమామ ఇంటి అరుగు మీద కూర్చుని తేల్చేశారు. మేము ఇచ్చిన డబ్బులో నాలుగు లక్షలు, బంగారంలో సగం వెనక్కి వచ్చాయి. స్టాంపు కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, ఆరుగురు సాక్షులు పెట్టి, నోటరీ ముద్ర కూడా వేయించారు. "ఇకమీదట ఒకరిపై ఒకరికి ఎట్టి హక్కులు గానీ బాధ్యతలు గానీ లేవు, ఇష్టం వచ్చిన చోట మారు వివాహం చేసుకొనవచ్చును" అని స్పష్టంగా ఉంది. అమ్మ దాన్ని బీరువాలో పట్టుచీరల కింద దాచింది.

ఇప్పుడు గుడివాడ వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. అతనికీ రెండో పెళ్లే. వాళ్లన్నయ్య ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉంది గానీ, డిక్రీ (కోర్టు ఇచ్చే విడాకుల తీర్పు) ఏదండీ?" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. ఈ కాగితం చెల్లదా? చెల్లకపోతే విజయవాడలో ఎక్కడ మొదలుపెట్టాలి? బయట వకీలుకి పెద్ద ఫీజు ఇచ్చే స్తోమత లేదు.

మిర్చియార్డు:
చెల్లదు. చట్టం ప్రకారం మీ చెల్లి ఇంకా అతని భార్యే. ఆ గుడివాడ అన్నయ్యకి దండం పెట్టండి, పెళ్లయ్యాక కాదు, ముందే అడిగాడు.

పెదకాకాని బాబాయ్:
అంత తేలిగ్గా చెల్లదనేస్తే ఎలాగండీ. మా వాళ్లలో తాతల కాలం నుంచీ కులపెద్దల ముందు కాగితం రాసుకోవడమే. మా తమ్ముడికి అలాగే తెగదెంపులు చేశారు, మళ్లీ పెళ్లి చేశారు, ఇద్దరు పిల్లలు. ఎవరూ ఏమీ అనలేదు.

మిర్చియార్డు:
ఎవరూ అనలేదు బాబాయ్, అంతే. రేపు ఆస్తి దగ్గర ఎవరో ఒకరు అంటారు.

నల్లకోటు:
గుంటూరులో ప్రాక్టీసు చేస్తాను. బాబాయ్ గారు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. హిందూ వివాహ చట్టం 1955లో 29వ సెక్షన్ ఆచారం ప్రకారం వచ్చే విడాకులను కాపాడుతుంది. కానీ ఆచారం ఉందని నోటితో చెబితే చాలదు. మా కులంలో ఇది ఎప్పటి నుంచో, అందరూ పాటిస్తున్నదే అని సాక్ష్యాలతో కోర్టులో రుజువు చేయాలి. ఎవరైనా సవాలు చేసిన రోజున ఆ బరువు మీ నెత్తినే పడుతుంది. అలాంటి ఆచారమే లేని వాళ్లు రాసుకున్న కాగితానికి ఎన్ని ముద్రలు వేసినా విడాకులు రావు. నోటరీ ధృవీకరించేది సంతకాలు పెట్టింది వీళ్లేనని. పెళ్లి రద్దు చేసే అధికారం ఆయనకు లేదు.

ఇప్పుడు కృష్ణలంక అన్న గారికి. ఆ కాగితం పారేయకండి. విడాకులుగా పనికిరాదు గానీ 2021 నుంచి విడిగా ఉంటున్నారని చూపించడానికి అంతకంటే మంచి రుజువు దొరకదు. అతను కూడా ఒప్పుకుంటే అదే చట్టంలోని 13బి సెక్షన్ కింద మ్యూచువల్ (ఇద్దరి సమ్మతితో విడాకులు) వేయండి. కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి, మీకు నాలుగేళ్లు దాటింది. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి మళ్లీ ఇద్దరూ వచ్చి చెప్పాలి. ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదని, సందర్భాన్ని బట్టి కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. విడిపోయి ఏడాదిన్నర దాటి, డబ్బు, బిడ్డ సంగతి తేలిపోయి ఉంటే అడగవచ్చు. ఇవ్వాలో లేదో జడ్జిగారి ఇష్టం.

తెనాలి వెళ్లక్కర్లేదు. భార్య ఉంటున్న ఊళ్లో కూడా వేసుకోవచ్చని 2003లో సవరణ వచ్చింది. విజయవాడ ఫ్యామిలీ కోర్టులోనే వేయవచ్చు.

బందరురోడ్డు:
సార్, మీ ఫీజెంత? (ఊరికే అడిగాను)

నల్లకోటు:
ఇక్కడ కాబట్టి ఫ్రీ.

సింగ్‌నగర్ శ్రీమతి:
అన్నయ్యగారూ, ఫీజు గురించి నేను చెప్తాను. ఆడవాళ్లకి ఉచితంగా వకీలును ఇస్తారు. జీతం ఉన్నా లేకపోయినా, తెల్ల రేషన్ కార్డు లేకపోయినా ఇస్తారు. 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. ఈ సంగతి నాకు తెలియక మొదటి ఆరు నెలలు బంగారు గాజులు కుదువపెట్టి ఒకాయనకి ఇచ్చుకున్నాను. ఆయన ఇచ్చింది రెండు వాయిదాలు, ఒక చిరునవ్వు.

తర్వాత ఎవరో చెబితే కోర్టు ఆవరణలో ఉన్న మండల న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లాను. అక్కడ బల్ల దగ్గర ఉన్న అమ్మాయి తెల్ల కాగితం ఇచ్చి "మీ మాటల్లోనే రాయండి, లీగల్ భాష అక్కర్లేదు" అంది. నాకు రాయడానికి గంట పట్టింది. పెళ్లిరోజు దగ్గర మొదలుపెట్టి మూడు పేజీలు రాసేశాను. ఆమె ఓపిగ్గా చదివి, చివర్లో "సరే అక్కా, మీకు కావాల్సింది ఏంటి? భరణమా, ఇల్లా, విడాకులా?" అంది. అప్పటిదాకా నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మా నాన్న కూడా. ఆధార్ జిరాక్సు, పెళ్లి ఫోటో, శుభలేఖ తీసుకుని వెళ్తే పని తేలికవుతుంది.

ఒక్క మాట. నాకు మొదట వేసిన వకీలు గారు మూడు వాయిదాలకు రాలేదు. ఉచితం కదా, అడిగితే బాగుండదేమో అని ఊరుకున్నాను. అలా ఊరుకోకూడదు. మళ్లీ అర్జీ పెడితే ఇంకొకరిని ఇచ్చారు. ఆవిడ బాగా చూసింది. భరణం కేసులో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అన్నీ రాసి అఫిడవిట్ ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పిందట. మా ఆయన "నాకు ఆదాయం లేదు" అని రాశాడు. ఆవిడ అతని బ్యాంకు కాగితాలు తెప్పించి, నెలనెలా కారు వాయిదా ఎలా కడుతున్నావయ్యా అని అడిగేసరికి బిక్కమొహం వేశాడు. భరణం కూడా అర్జీ వేసిన తేదీ నుంచే లెక్క కట్టారు.

అయితే ఆర్డరు వేరు, డబ్బులు చేతికి రావడం వేరు. నాలుగు నెలలు ఇచ్చి ఆపేశాడు. బకాయి పడిన నాటి నుంచి ఏడాదిలోపే వసూలుకి కోర్టును అడగాలి. ఏడాది దాటితే వారెంటు దారి మూసుకుపోతుంది. నేను ఆలస్యం చేసి రెండు నెలల డబ్బు పోగొట్టుకున్నాను.

కృష్ణలంక అన్న:
అమ్మా, చాలా థాంక్స్. కోర్టు మా ఇంటికి దగ్గరే, ఇన్నేళ్లూ దాని ముందు నుంచే తిరిగాను.

బెంగళూరు రిటర్న్:
మగవాళ్ల గోడు కూడా వినండి. మాకు ఉచితం కావాలంటే ఆదాయ పరిమితి ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అంటే ఇంక అంతే సంగతులు. నా మీద 498ఏ, అంటే భార్యను వేధించాడనే కేసు పెట్టారు (ఇప్పుడు కొత్త చట్టం భారతీయ న్యాయ సంహిత, బీఎన్ఎస్‌లో 85). మా అమ్మకి 64 ఏళ్లు, ఆవిడ పేరు కూడా రాశారు. అరెస్టు చేస్తారేమో అని ఆవిడ రెండు నెలలు ఇంట్లో గ్యాస్ బండ కూడా విప్పకుండా రోజూ సంచి సర్దుకుని కూర్చునేది. 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ముందు నోటీసు ఇచ్చి పిలవాలి, ఊరికే పట్టుకెళ్లడానికి లేదు. నోటీసు వచ్చాక మాత్రం తప్పకుండా వెళ్లాలి, వెళ్లకపోతే మన తప్పు అవుతుంది. మేం వెళ్లాం, చెప్పాల్సింది చెప్పాం, అరెస్టు లేదు.

నన్ను తినేసింది కేసు కాదు, ప్రయాణాలు. తను గుంటూరులో భరణం, డీవీసీ (గృహ హింస కేసు) వేసింది. నేను హైదరాబాద్‌లో విడాకులు వేశాను. ఒకప్పుడు ఒకే హైకోర్టు కాబట్టి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్పించుకోవడం సులువట. ఇప్పుడు రెండు రాష్ట్రాలు, రెండు హైకోర్టులు. కేసు హైదరాబాద్ నుంచి గుంటూరుకి మార్చాలంటే తను ఢిల్లీలో సుప్రీంకోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. వెళ్లింది, మార్పించుకుంది. నాకు ఏడు నెలలు, తనకి అప్పు. పంతానికి అక్కడ వేసిన బుద్ధితక్కువ నాదే.

బ్రాడీపేట నాలుగో లైను:
మాది చర్చి పెళ్లి. మాకు హిందూ వివాహ చట్టం వర్తించదు. 1869 నాటి విడాకుల చట్టం, అందులో 10ఏ. మ్యూచువల్‌కి అక్కడ రాసి ఉన్నది ఏడాది కాదు, రెండేళ్లు. మా మొదటి లాయరు ఈ తేడా చూడకుండా 13బి కింద వేశాడు, వెనక్కి వచ్చింది, మళ్లీ మొదటి నుంచి. గుంటూరులో మాలాంటి కుటుంబాలు బోలెడు, కాబట్టి పిటిషన్ మొదటి పేజీలో ఏ చట్టం రాశారో మీరే ఒకసారి చూసుకోండి.

సింగ్‌నగర్ శ్రీమతి:
ఇంకోటి. ఈకోర్ట్స్ యాప్ వేసుకోండి. సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకీ కోర్టు ఇచ్చే నంబరు) కొడితే వాయిదా ఎప్పుడో తెలుస్తుంది. "కోర్టు లేదమ్మా, వచ్చే నెల" అని గుమాస్తా చెప్పే మాట నమ్మి కూర్చోనక్కర్లేదు.

పటమట నాన్న:
బిడ్డ గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను ఆదివారం తండ్రిని. మా పాప వాళ్లమ్మ దగ్గర ఉంటుంది. రెండు వారాలకోసారి పది గంటల నుంచి ఒంటిగంట దాకా నాకు. బస్టాండు దగ్గర రాజీవ్‌గాంధీ పార్కులో కలుస్తాం. మొదటి రోజు పాప నా పక్కన కూర్చుని, "నాన్నా, టైమ్ ఎంతయింది?" అని నాలుగుసార్లు అడిగింది. విసుగొచ్చి అడుగుతోందనుకున్నాను. ఎంత మిగిలిందో లెక్కపెట్టుకుంటోందని తర్వాత తెలిసింది.

అన్నగారూ, మీ కాగితంలో బాబు గురించి ఏం రాశారు?

కృష్ణలంక అన్న:
"బాలుని పోషణ పూర్తిగా తల్లిదే, తండ్రికి ఎట్టి సంబంధమూ లేదు" అని ఉంది సార్. అప్పుడు అదే పెద్ద గెలుపు అనుకున్నాం.

నల్లకోటు:
ఆ వాక్యం పెద్దమనుషుల తృప్తి కోసం. తండ్రి నుంచి పోషణ పొందడం బిడ్డ హక్కు, దాన్ని తల్లి సంతకంతో వదిలేయడానికి లేదు. తండ్రి ఆస్తిలో వాడికి వచ్చేదీ అంతే. పిటిషన్‌లో బాబు ఎవరి దగ్గర ఉంటాడు, తండ్రి ఎప్పుడు చూడవచ్చు, చదువుకి ఎంత ఇస్తాడు అన్నది వివరంగా రాయించండి. నాలుగు లక్షలు ఇదివరకే ముట్టాయని కూడా రాయాలి.

కృష్ణలంక అన్న:
ఒక సంగతి దాచాను, చెప్పడానికి సిగ్గేసింది. ఆ కాగితం పట్టుకుని అతను 2022లోనే హైదరాబాద్‌లో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఒక పాప కూడా ఉంది. మా మేనమామ "ఇదే సందు, కేసు పెడతామని బెదిరించి ఇంకో పది లక్షలు లాగుదాం" అంటున్నాడు.

మిర్చియార్డు:
లాగండి! వదలకండి!

నల్లకోటు:
వద్దు. మొదటి పెళ్లి ఉండగా చేసుకున్న రెండో పెళ్లి చట్టం ముందు చెల్లదు, అది నేరం కూడా, నిజమే. అక్కడ పుట్టిన పాప మాత్రం చట్టం దృష్టిలో సక్రమ సంతానమే, దాన్ని ఇందులోకి లాగకండి. కేసు పెట్టాలనుకుంటే పెట్టండి, మీ హక్కు. పెట్టకుండా ఉండటానికి డబ్బు అడుగుతూ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారో, మీ చెల్లెలి కేసు కాస్తా మీ మేనమామ కేసు అవుతుంది. ఇన్నేళ్లూ మీరూ అతన్ని భర్త కాదనే అనుకున్నారు కదా. అతనికీ ఇప్పుడు డిక్రీ అవసరమే. కాబట్టి మ్యూచువల్‌కి వెంటనే వస్తాడు. బాబు పేర డిపాజిట్ అడగండి, కాగితం మీద, కోర్టులో.

పెదకాకాని బాబాయ్:
అయితే మా తమ్ముడిది కూడా చూపించుకోవాలా సార్?

నల్లకోటు:
ఒకసారి రండి బాబాయ్ గారూ. ఆ పాత కాగితాలన్నీ తెచ్చుకోండి.

కృష్ణలంక అన్న (ఐదు నెలల తర్వాత):
అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. మండల న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు ఒక మేడమ్‌ని ఇచ్చారు. అతనికి నేనే ఫోన్ చేశాను. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఎప్పుడు రమ్మంటావు బావా?" అన్నాడు. నాలుగేళ్లకి ఆ పిలుపు వింటే ఒళ్లు మండింది, అయినా తేదీ చెప్పాను.

కౌన్సెలింగ్ గదిలో మళ్లీ కలిసి ఉంటారా అని అడిగారు, అడగడం వాళ్ల బాధ్యతట. చెల్లి లేదంది. అతనూ లేదన్నాడు. ఆరు నెలలు మినహాయించమని వేసిన పిటిషన్‌కి మా మేడమ్ ఆ స్టాంపు కాగితాన్నే జత చేసింది. జడ్జిగారు దాన్ని చదివి, "ఈ స్టాంపు ఎవరి పేరున కొన్నారు?" అని అడిగారు. అప్పుడు చూశాం. భార్య పేరు కాదు, భర్త పేరు కాదు, మా మేనమామ పేరున కొని ఉంది. కోర్టు హాల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు, జడ్జిగారు నవ్వలేదు.

మినహాయింపు ఇచ్చారు. పోయిన మంగళవారం డిక్రీ వచ్చింది. బాబు పేర మూడు లక్షల డిపాజిట్, స్కూలు ఫీజులో సగం, నెలలో రెండు ఆదివారాలు.

గుడివాడ వాళ్లు ఇంకా ఉన్నారు. సర్టిఫైడ్ కాపీకి అప్లై చేశాను, రాగానే వాళ్లన్నయ్యకి ఒక జిరాక్సు ఇవ్వాలి. అమ్మ మాత్రం బీరువాలో పట్టుచీరల కింద ఆ కాగితం లేదని తెగ వెతికింది. అది కోర్టు ఫైల్లో ఉందమ్మా అంటే నమ్మడం లేదు.

పటమట నాన్న:
బాబుని తీసుకుని పార్కుకే వస్తాడా అతను? ఆ ఆదివారం మా పాప ఉంటే ఆడుకుంటారు.