చిన్న ఓడలో తిమింగలాలను చూసి వచ్చినవారు మీ అనుభవం చెప్పగలరా?

మిర్యాలగూడ వాసి:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు సియాటెల్‌లో ఉంటున్నాడు. వచ్చే జూలైలో అమ్మానాన్నలను, నన్ను పిలిపించుకొని, అలాస్కాలోని జూనో పట్టణం నుంచి అరవై డెబ్బై మంది మాత్రమే పట్టే చిన్న ఓడలో వారం రోజులు తిప్పాలని అనుకుంటున్నాడు. వేల మంది ఎక్కే పెద్ద ఓడలో అయితే ఖర్చు చాలా తగ్గుతుందని కూడా వాడే అంటున్నాడు. నాన్నకు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. అమ్మ సాగర్ ఎడమ కాలువ కింది పల్లెలో పుట్టి పెరిగింది, సముద్రాన్ని ఇంతవరకు చూడలేదు. అయినా తిమింగలాన్ని చూడాలన్న కోరిక మొదట ఆమెదే. చిన్న ఓడకు అంత డబ్బు పెట్టడం సబబేనా? అక్కడిదాకా పోయి ఏమీ కనబడకుండా తిరిగి వచ్చినవారు ఉన్నారా? దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నల్లగొండ విశ్రాంత ఉపాధ్యాయుడు:
తమ్ముడూ, మా అమ్మాయి పుణ్యమా అని నేను, మా ఇంటామె సరిగ్గా అలాంటి ఓడలోనే, అదే జూనో నుంచి వెళ్లి వచ్చాము. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

అక్కడ ఎండాకాలంలో కనిపించేవి ఎక్కువగా హంప్‌బ్యాక్ తిమింగలాలు. అవి చలికాలమంతా హవాయి దీవుల వెచ్చని నీళ్లలో పిల్లలను కని, మేత కోసం వేల కిలోమీటర్లు ఈదుకుంటూ అలాస్కాకు వస్తాయి. హవాయిలో ఉన్నన్నాళ్లూ అవి దాదాపు ఏమీ తినవు కనుక అలాస్కాకు వచ్చాక వాటికి మేత తప్ప వేరే ధ్యాస ఉండదు. అందువల్ల జూలైలో వెళ్తే కనిపించకపోవడం అరుదు. అయితే కనిపించడం వేరు, చూడటం వేరు. ఆ తేడా నాకు మూడో రోజున తెలిసింది.

మొదటి రెండు రోజులు దూరాన తెల్లని ఆవిరి లేచినప్పుడల్లా అందరం డెక్కు మీద అటు పరుగెత్తేవాళ్లం. మేము చేరేసరికి తోక నీళ్లలోకి పోయేది. మూడో రోజు ఉదయం కెప్టెన్ ఒక ఇరుకైన పాయలోకి ఓడను తీసుకెళ్లి, ఇంజిన్ ఆపేసి, ఎవరూ మాట్లాడవద్దని చెప్పాడు. సన్నని వాన పడుతోంది. పావుగంట గడిచింది. అప్పుడు ఎక్కడో మా వెనక పెద్ద ఎద్దు బుస కొట్టినట్టు ఒక ఊపిరి వినిపించింది. ముందు వినిపించింది, తరువాతే కనిపించింది. తల్లి, దాని పక్కనే పిల్ల. తల్లి నల్లని వీపు నీటిని చీల్చకుండా, నూనెలోంచి తేలినట్టు మెల్లగా పైకి వచ్చింది. ముక్కు రంధ్రాలు రెండూ తెరుచుకొని మూసుకోవడం బైనాక్యులర్ లేకుండానే చూశాను. గాలి మావైపు తిరగగానే కుళ్లిన చేపల వాసన గుప్పుమంది. అది దాని ఊపిరి వాసన. మా ఇంటామె ముక్కు మూసుకోలేదు, కళ్లు తుడుచుకుంది.

అలాస్కాలో హంప్‌బ్యాక్‌కు వంద గజాలకన్నా దగ్గరగా ఓడను నడపరాదన్న నిబంధన ఉంది. ఇంజిన్ ఆపి నిలబడిన ఓడ దగ్గరికి తిమింగలం తనంతట తాను వస్తే అది దాని ఇష్టం. ఈ ఓపిక పెద్ద ఓడకు సాధ్యం కాదు. దానికి సాయంత్రానికల్లా తరువాతి రేవు చేరాలన్న తొందర ఉంటుంది, పైగా అంత పెద్ద ఓడ ఆ పాయల్లో పట్టదు. మీరు ఎక్కువ పెట్టే డబ్బు గది కోసమో భోజనం కోసమో కాదు, ఆ పావుగంట మౌనం కోసం అనుకోండి.

పాలమూరు బాటసారి:
మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దానికి ఎదురు అనుభవం నాకుంది కాబట్టి రాస్తున్నాను. అలాస్కా వరకు పోలేనివారు శ్రీలంక దక్షిణ తీరంలోని మిరిస్సాకు పోవచ్చు. నవంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ సముద్రం నెమ్మదిగా ఉంటుంది. భూమి మీద ఇంతవరకు పుట్టిన జీవులన్నింటిలోకి పెద్దదైన నీలి తిమింగలం అక్కడ తీరానికి కొద్ది దూరంలోనే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ ప్రాంతంలో సముద్రగర్భం ఒడ్డుకు దగ్గరలోనే ఒక్కసారిగా లోతుగా దిగిపోతుంది.

నేను మొదటి రోజు ఎక్కిన పడవ నడిపినవారు ఊపిరి కనిపించగానే పూర్తి వేగంతో దాని మీదికి తీసుకెళ్లారు. మాతోపాటు మరో ఆరు పడవలు నాలుగు వైపుల నుంచి చుట్టుముట్టాయి. నీలి తిమింగలం మామూలుగా లోతుకు మునిగేముందు కొన్నిసార్లు పైకి వచ్చి ఊపిరి తీసుకుంటుంది. ఇది మాత్రం ఒక్క ఊపిరితోనే వీపు వంచి మునిగిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం వేటకు వెళ్లి వచ్చినట్టు అనిపించి ఆ రాత్రి అన్నం సహించలేదు. మరునాడు గైడును అడిగి, దూరంగా ఆగే పడవ ఏదో కనుక్కొని అందులో వెళ్లాను. తక్కువ మందిమి, దూరం ఎక్కువే, కానీ ఒకే తిమింగలం ఐదుసార్లు పైకి వచ్చి ఊపిరి తీసుకోవడం తీరికగా చూశాను. ఆ ఊపిరి తాటిచెట్టు సగం ఎత్తున నిటారుగా లేస్తుంది.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. ఆ తీరం మీదుగానే ప్రపంచంలో రద్దీ ఎక్కువగా ఉండే ఓడల దారి పోతుంది. సరుకు ఓడలు తగిలి నీలి తిమింగలాలు చనిపోతున్నాయి. వాటిని చూడటానికి వెళ్లే మనం కూడా వాటికి ఇంకొక బెడద కాకూడదు.

మిర్యాలగూడ వాసి:
చాలా కృతజ్ఞతలు. నాన్నకు కడుపులో తిప్పుతుందేమోనని, మోకాళ్లతో ఓడ ఎక్కి దిగగలరా అని భయంగా ఉంది. అన్నట్టు, మాస్టారూ, చలి ఎలా ఉంటుంది?

నల్లగొండ విశ్రాంత ఉపాధ్యాయుడు:
అక్కడి ఎండాకాలం మన సంక్రాంతి నాటి తెల్లవారుజాము కంటే చల్లగా ఉంటుంది, పైగా తరచూ వాన. తడవని పైకోటు, ఉన్ని టోపీ, చేతి తొడుగులు తప్పవు. ఓడ వెళ్లేది దీవుల మధ్య పాయల్లోనే కనుక అలలు తక్కువ, నాకు ఒక్క పూట కూడా తిప్పలేదు. ఇబ్బంది మోకాళ్లతోనే. ఒడ్డు చూపించడానికి ఓడ నుంచి రబ్బరు పడవలోకి దించుతారు, ఆ మెట్టు ఎత్తుగా ఉంటుంది. అయితే ఇద్దరు మనుషులు రెండు వైపులా ముంజేతులు పట్టుకొని దించుతారు. నాన్నగారికి కష్టం అనిపిస్తే డెక్కు మీదే కూర్చోబెట్టండి. పోటు తగ్గి నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఎలుగుబంట్లు ఒడ్డున రాళ్లు దొర్లించి కింద తినడానికి ఏమున్నాయో వెతుక్కోవడం నేను ఓడ మీది నుంచే చూశాను.

పాలమూరు బాటసారి:
మిరిస్సాలో మాత్రం తిప్పుతుంది. అది దీవుల మధ్య పాయ కాదు, నడి సముద్రం. డాక్టరును అడిగి మాత్ర తీసుకొని, బయలుదేరడానికి ముందే వేసుకోవాలి. ఇంజిన్ పొగ తగిలే చోట కూర్చోకూడదు, ఫోనులోకి తల దించకూడదు.

అచ్చంపేట అక్క:
మీ అందరి మాటలు చదువుతుంటే నాకు మా కృష్ణే కళ్ల ముందు మెదులుతోంది. తమ్ముడూ, అమ్మను అంత దూరం తీసుకెళ్లేముందు ఒకసారి సాగర్ నుంచి శ్రీశైలం పోయే లాంచీ ఎక్కించు. నీళ్లు బాగా ఉన్న రోజుల్లోనే నడుస్తుంది కనుక ముందే కనుక్కోవాలి. ఆరేడు గంటల ప్రయాణంలో నల్లమల కొండల నడుమ నది మెలికలు తిరుగుతూ ఉంటుంది, ఒక వైపు ఒడ్డంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యమే. చూడటం అలవాటు కావడానికి అంతకు మించిన బడి లేదని నేను నమ్ముతాను.

మా నాన్న అటవీ శాఖలో పనిచేశారు. చిన్నప్పుడు నన్ను పడవలో వెంట తీసుకెళ్లేవారు. పులి కోసం వెతకకు, ముందు పక్షులను చూడు అనేవారు. నీటికాకులు ఒకచోట గుంపుగా మునుగుతుంటే అక్కడ చేపల మంద ఉన్నట్టు, చేపల మంద ఉన్నచోటికి నీటికుక్కలు వస్తాయి. పుట్టి మీద వల వేసే చెంచులకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. చలికాలం ఉదయం పూట రాతి పలకల మీద మొసళ్లు ఎండకు పడుకుంటాయి. అవి నోరు తెరిచి ఉండేది కోపంతో కాదు, ఒంటి వేడిని తగ్గించుకోవడానికి. లాంచీలో పాటలు పెట్టి అరుస్తూ పోతే ఆ మొసలి మన కంటపడక ముందే నీళ్లలోకి జారిపోతుంది, ఆ పలక మీద తడి మాత్రమే మిగులుతుంది. నేను ఎన్నోసార్లు ఆ తడినే చూశాను.

నల్లగొండ విశ్రాంత ఉపాధ్యాయుడు:
అక్కయ్యగారు పక్షుల సంగతి చెప్పగానే నాకూ గుర్తొచ్చింది. హంప్‌బ్యాక్‌లు కొన్ని కలిసి బుడగల వల పన్నుతాయి. ఒకటి లోతున గుండ్రంగా తిరుగుతూ బుడగలు వదులుతుంది, ఆ బుడగల గోడకు బెదిరి హెర్రింగ్ చేపలు మధ్యకు చేరతాయి, అప్పుడు అన్నీ ఒక్కసారి నోళ్లు తెరుచుకొని పైకి లేస్తాయి. అవి ఎక్కడ లేస్తాయో మా గైడు కన్నా ముందు కొంగంత సముద్రపు పక్షులకు తెలిసింది. అవి గుమిగూడిన చోటే నీళ్లు పగిలాయి.

మునిగేటప్పుడు తోక పైకి లేస్తే దాని అడుగు భాగాన్ని ఫోటో తీయండి. ఆ నలుపు తెలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకే రకంగా ఉండవు. హ్యాపీవేల్ అనే వేదికకు ఆ ఫోటో పంపితే, పోల్చి చూసి, అదే తిమింగలం అంతకుముందు ఎక్కడ కనబడిందో చెబుతారు. మేము పంపిన తోక హవాయిలో కూడా నమోదై ఉందని జవాబు వచ్చింది. ఆ ఉత్తరం మా ఇంటామె బీరువాలో దాచుకుంది.

మిర్యాలగూడ వాసి:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ రోజు తమ్ముడితో మాట్లాడాను. జంతువు కనబడినప్పుడు ఇంజిన్ ఆపుతారా, ఎంతసేపు ఆగుతారు అన్న రెండు ప్రశ్నలు ఓడవారికి రాసి, జవాబు వచ్చాకే డబ్బు కట్టమన్నాను. అమ్మకు మీ మాటలన్నీ చదివి వినిపించాను. ఈ కార్తీకంలో నీళ్లుంటే శ్రీశైలం లాంచీలోనే పోదామంటోంది. అక్కా, ఏ వైపు కూర్చోవాలి?

అచ్చంపేట అక్క:
సాగర్ నుంచి పైకి పోయేటప్పుడు కుడివైపు. అమ్రాబాద్ అడవి ఆ ఒడ్డునే ఉంటుంది, ఉదయం ఎండ కూడా వెనక నుంచి పడుతుంది కనుక కళ్లకు కొట్టదు. అమ్మకు బైనాక్యులర్ మెడలో వేసి, రాళ్ల మీద చూపు నిలపమని చెప్పు.