హార్స్‌లీ కొండ మీద బృంద శిబిరం: చెరువులో ఆటలు ఉండాలా, నడకతో సరిపెట్టాలా?

అలిపిరి కాలనీ నిర్వాహకుడు:
డిసెంబరులో మా కాలనీ నుంచి నలభై మందిమి హార్స్‌లీ కొండకు వెళ్తున్నాం. సగం మంది పిల్లలే. గంగోత్రి చెరువుకు దగ్గరలో రెండు రాత్రులు బస. ఉదయం కొండ నడక, రాత్రి నక్షత్రాలు చూడటం ఖాయమయ్యాయి. పేచీ అంతా నీటి దగ్గరే వచ్చింది. అనుమతి దొరికితే పుట్టిలో తిప్పి, ఒడ్డు దగ్గర ఈత నేర్పుదామని కొందరు, నీటి జోలికే వద్దని కొందరు. మీరేమంటారు?

పీలేరు మాస్టారు:
వద్దు. 2017 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడింది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో మరొకటి మునిగింది. రెండూ విహారానికి బయలుదేరిన పడవలే. కొండ మీద చేయడానికి వేరే పనే లేనట్టు నీటి వెంట పడటం ఎందుకు? పసుపు గొంతు పికిలిపిట్ట దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా ఉండదు. అది హార్స్‌లీ కొండ బండల మధ్య పొదల్లో తిరుగుతుంది. ఎండ ఎక్కకముందే, మాట్లాడకుండా నడిస్తే కనబడుతుంది. ఆ ఓపిక పిల్లలకు నేర్పండి.

మదనపల్లె మండీ వీధి:
డిసెంబరు ఉదయం ఆ నీళ్లలో దిగితే పళ్లు టకటక కొట్టుకుంటాయి. దించితే ఎండ బాగా వచ్చాకే దించండి.

స్వర్ణముఖి ఈత:
మాస్టారూ, మీరు చెప్పినవి పారే నదులు, పెద్ద పడవలు. ఇక్కడ అడుగుతున్నది చెరువు ఒడ్డున నడుము లోతు నీళ్ల సంగతి. నేను పిల్లలకు ఈత నేర్పుతాను. మునిగిపోయే మనిషి కేకలు వేస్తాడని అందరూ అనుకుంటారు. నోరు నీటిపైకి వచ్చిన ఆ క్షణం ఊపిరి తీసుకోవడానికే చాలదు, ఇక కేక ఎక్కడిది? చేతులు పైకెత్తి ఊపలేడు, నీటిని కిందికి అదుముతూ ఉంటాడు. పది అడుగుల దూరంలో ఉన్నవాళ్లకు ఆడుకుంటున్నట్టే కనబడుతుంది. ఈ సంగతి పిల్లలకు నీటి దగ్గర నిలబెట్టి చెప్పాలి. పడ్డవాడి కోసం దూకకూడదని, తాడో కర్రో చీరో అందించాలని అక్కడే చేయించి చూపాలి. తరగతి గదిలో చెబితే తలకెక్కదు.

పీలేరు మాస్టారు:
సరే, లైఫ్ జాకెట్లు తొడుగుతారనుకుందాం. వాటి కట్లు ఎవరు చూస్తారు?

స్వర్ణముఖి ఈత:
నేనే చూస్తాను. తొడిగాక రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. చెవుల దాకా జరిగితే అది వదులు. చిన్నపిల్లలకు కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ కూడా ఉండాలి, లేకపోతే పిల్ల కిందికి జారి జాకెట్ పైకి తేలుతుంది.

పీలేరు మాస్టారు:
ఇరవై మంది పిల్లలకు మీరొక్కరేనా? చివరివాడి కట్టు చూసేసరికి మొదటివాడు విప్పేసుకుంటాడు. నా ప్రశ్నకు జవాబు రాలేదు.

పలమనేరు బాటసారి:
చెరువు సంగతి తర్వాత. బండల దగ్గర మంట వేయకండి. పొగ తగిలితే కొండ తేనెటీగలు లేస్తాయి. లేచాయంటే పరుగెత్తడం తప్ప దారి లేదు.

స్వర్ణముఖి ఈత:
చూశారా, నడకలోనూ ప్రమాదం ఉంది. మరి నడక కూడా మానేద్దామా మాస్టారూ? మా అక్క కొడుకు వ్యవసాయ బావి గట్టు మీద నుంచి జారిపడి పోయాడు. వాడికి ఈత రాదు. 'నీళ్ల దగ్గరకు వెళ్లకు' అని పెంచారు, వెళ్లకుండానే పోయాడు. మీలాంటి వాళ్ల భయమే పిల్లల్ని ముంచుతోంది.

పీలేరు మాస్టారు:
నా భయం గురించి మీకేం తెలుసు? విహారయాత్రకు తీసుకెళ్లిన పిల్లవాడు పాచి పట్టిన మెట్ల మీద జారి నీళ్లలో పడ్డాడు. బతికాడు, అది దేవుడి దయ. కానీ విచారణ మాత్రం ఏళ్ల తరబడి నా మెడకు చుట్టుకుంది. వెంట వచ్చినవాళ్లలో ఒక్కరూ నా పక్కన నిలబడలేదు. ఉత్సాహపడేది అందరూ, జవాబు చెప్పేది ఒక్కడు. అందుకే అడుగుతున్నాను: కట్లు ఎవరు చూస్తారు? పేరు చెప్పండి.

చంద్రగిరి కోట వీధి:
ఇద్దరూ కాస్త శాంతించండి.

తిరుచానూరు తల్లి:
ఇంతసేపు చదివి ఊరుకుందామనుకున్నాను, కుదరలేదు. మాస్టారు గారూ, ఈత అన్నయ్యగారూ, మీరిద్దరూ 'పిల్లలు' అంటున్నారు. ఏ పిల్లలు? కిందటిసారి ఇదే కాలనీ వాళ్లతో తలకోన వెళ్లాం. మగపిల్లలు జలపాతం కింద తడిసి గంతులు వేశారు. మా అమ్మాయిని, ఇంకో నలుగురు ఆడపిల్లలను సంచుల దగ్గర కూర్చోబెట్టారు. నేను, మా తోటికోడలు పొద్దున్నే లేచి పులిహోర కలిపాం, మధ్యాహ్నం గిన్నెలు తోమాం. 270 అడుగుల జలపాతమని అందరూ చెప్పుకుంటారు, దాని కింద నిలబడే తీరిక మాకు దొరకలేదు. ఇప్పుడు చెరువు పెట్టినా, పిట్టలు పెట్టినా మా వాటాకు వచ్చేది ఆ సంచులూ గిన్నెలే. అది ముందు తేల్చండి.

పీలేరు మాస్టారు:
అమ్మా, ఆ సంగతి వేరు. ఇక్కడ మాట్లాడుతున్నది భద్రత గురించి.

తిరుచానూరు తల్లి:
వేరు కాదండీ. 'భద్రత' అన్న మాట వచ్చిన ప్రతిసారీ ఒడ్డున కూర్చున్నది మా అమ్మాయే. అబ్బాయిల కట్లు ఎవరు చూస్తారని తలకోనలో ఎవరూ అడగలేదు. మీ నడక కూడా ఉదయమే కదా, ఆ వేళకు టిఫిన్ ఎవరు చేస్తారు? పిట్ట మాకు కనబడదా?

స్వర్ణముఖి ఈత:
వదినా, నా దగ్గర ఆడపిల్లలు కూడా నేర్చుకుంటున్నారు. అమ్మాయిలను ముందు దించుదాం, నాకేమీ అభ్యంతరం లేదు.

తిరుచానూరు తల్లి:
మీకు అభ్యంతరం లేకపోతే చాలదు. తడి బట్టలు మార్చుకోవడానికి అడ్డు కట్టిన చోటు కావాలి. నీళ్లలో పక్కన ఉండటానికి ఒక ఆడమనిషి కావాలి. ఆ రెండూ లేకుండా 'దించుదాం' అంటే ఏ తల్లీ పంపదు. ఆఖరికి 'మేం పిలిచాం, వాళ్లే రాలేదు' అంటారు.

మదనపల్లె మండీ వీధి:
కొండ మీదే హోటల్ ఉంది. వంట మానేసి అక్కడే తినండి.

పీలేరు మాస్టారు:
నలభై మందికి రెండు రోజులు హోటల్ భోజనమంటే చవక కాదు. అయినా వంట మాన్పించండి, నాకు సమ్మతమే. కానీ నా మాట అక్కడే ఉంది. నీళ్ల దగ్గర బాధ్యత ఎవరిదో కాగితం మీద రాయాలి. ఒక్క పేరు కాదు, ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద. సంతకాలతో.

తిరుచానూరు తల్లి:
రాయండి. అమ్మాయిల బృందానికి నా పేరు రాయండి. నాకు ఈత రాదు, ఈ నెలన్నరలో అన్నయ్యగారి దగ్గర నేర్చుకుంటాను. కట్టు సరిచూడటం మొదటి రోజే నేర్చుకుంటాను.

స్వర్ణముఖి ఈత:
రేపటి నుంచే రండి వదినా. మీ తోటికోడలిని కూడా తీసుకురండి.

అలిపిరి కాలనీ నిర్వాహకుడు:
వంటకు మదనపల్లెలో మనుషులను మాట్లాడి చూస్తాను. బట్టలు మార్చుకునే డేరా ఒకటి అద్దెకు తెస్తాను. ఆ మేరకు తలసరి ఖర్చు పెరుగుతుంది. చెరువు అనుమతి కోసం వచ్చే వారం వెళ్లి అడుగుతాను. రాకపోతే నడక, పిట్టలు, నక్షత్రాలు. అప్పుడు కూడా వంట మనుషులు ఉంటారు.

చంద్రగిరి కోట వీధి:
ఖర్చు పెరిగేటట్టయితే మేం నలుగురం రావడం కష్టం. ఇంట్లో ఆడవాళ్లు ఉండగా వంటకు డబ్బు పెట్టడమేమిటి?

తిరుచానూరు తల్లి:
ఇంతసేపు నేను చెప్పింది మీరు చదివారా?