1986 బ్లాక్‌ఫుట్ ట్రక్కు: బీరువాలో పెట్టాలా, బాగుచేసి నడపాలా?

జయపురం కుర్రాడు

మా పెదమావయ్య ఓడల మీద పనిచేసేవారు. ఎనభైల చివర్లో జపాన్ రేవులో కొని తెచ్చిన టామియా (జపాన్ బొమ్మ బండ్ల కంపెనీ) బ్లాక్‌ఫుట్ ఒకటి ఇన్నేళ్లూ రాయగడలో వాళ్ల అటక మీద పడుంది. మొన్న ఇల్లు ఖాళీ చేస్తూ నాకిచ్చారు. తెలియనివాళ్ల కోసం: ఇది 1986లో వచ్చిన 1/10 సైజు రిమోట్ ట్రక్కు. ఫోర్డ్ ఎఫ్-150 పికప్ బాడీ, బండికి మించిన టైర్లు, డ్రైవ్ వెనక చక్రాలకే. అమెరికాలో బిగ్‌ఫుట్ లాంటి మాన్‌స్టర్ ట్రక్కుల మోజు నడుస్తున్న రోజుల్లోది.

ఇప్పుడున్న పరిస్థితి ఇది. చాసిస్ పగల్లేదు. మోటారుకు నేరుగా బ్యాటరీ తగిలిస్తే తిరుగుతోంది. టైర్లు గట్టిపడ్డాయి కానీ చీలికలు లేవు. స్పీడ్ కంట్రోలర్ పాత మెకానికల్ రకం, రేకులు నల్లబడ్డాయి. రిమోట్ 27 మెగాహెర్ట్జ్‌ది, సెల్స్ లోపలే కారిపోయి స్ప్రింగులు పచ్చగా అయ్యాయి. చక్రం చేత్తో పట్టుకుని మోటారు తిప్పితే ఒక వెనక షాఫ్టు టకటకమని జారుతోంది. బాడీకి ఎవరో ఇంటి తలుపులకు వేసే నీలం ఎనామెల్ బ్రష్షుతో పూశారు.

మా బావ "తుడిచి అద్దాల బీరువాలో పెట్టు, దేని మీదా చెయ్యి వెయ్యకు" అంటున్నాడు. నాకేమో నడపాలని ఉంది. కొత్త ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్), ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పెట్టేస్తే అది ఇంకా ఆ ట్రక్కే అవుతుందా?

పర్లాకిమిడి పాతసామాను

మీ బావ మాటే నా మాట. నడిపే సరదా ఉంటే టామియా బ్లాక్‌ఫుట్‌ని 2016లో మళ్లీ విడుదల చేసింది, అది కొనండి. చూడ్డానికి అదే బండి. కొత్తదాంట్లో దొరకనివి, మీ దగ్గరున్నవి ముఖ్యంగా రెండు: ఆ మెకానికల్ కంట్రోలర్, ఆ కాలం రేడియో. మీరు ముందుగా పీకేస్తానంటున్నవీ ఆ రెండే!

ఆ కంట్రోలర్ పనిచేస్తుంటే ఎప్పుడైనా చూశారా? సర్వో (రిమోట్ చెప్పినట్టు తిరిగే చిన్న మోటారు) ఒక చేతిని తిప్పుతుంది. అది రేకుల మీద జరుగుతూ తక్కువ స్పీడులో రెసిస్టర్ గుండా, ఫుల్ స్పీడులో నేరుగా మోటారుకు కరెంటు పంపుతుంది. మూత తీస్తే మొత్తం కంటికి కనిపిస్తుంది. ఈఎస్‌సీ విప్పితే ఏం కనిపిస్తుంది, మట్టి?

బరంపురం బ్యాటరీ

"కొత్తది కొనండి" అనడం తేలికే గురూ. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి వెళ్లింది. దాని మీద షిప్పింగు, జీఎస్టీ. బండి జయపురం చేరేసరికి ఆ డబ్బుకి పాత స్కూటీ వచ్చేస్తుంది.

ఇక ఆ రెసిస్టర్ గొప్ప. బ్యాటరీలో కరెంటుని వేడిగా మార్చి గాల్లోకి వదలడమే దాని పని. నెమ్మదిగా నడిపినంతసేపూ అది కాలుతూనే ఉంటుంది. పైగా మూడే స్పీడులు, ఒక్కో మెట్టుకీ బండి ఒక కుదుపు. అరిగిపోయిన షాఫ్టుకి ఆ కుదుపే శత్రువు. పాత బండి మీద అంత ప్రేమ ఉంటే దాని పళ్లు రాల్చే సామాను ముందు తీసెయ్యాలి.

జయపురం తమ్ముడూ, ఒక్క విషయం గట్టిగా చెప్తున్నాను. పాత కంట్రోలరే ఉంచుకోవాలనుకుంటే లైపో పెట్టొద్దు. లైపో సెల్ 3 వోల్టుల కిందికి దిగితే పాడైపోతుంది, ఉబ్బుతుంది. ఈఎస్‌సీ అయితే ముందే కరెంటు ఆపేస్తుంది. ఆ రేకుల కంట్రోలర్‌కి వోల్టేజీ సంగతే తెలీదు, ఖాళీ అయ్యేదాకా లాగేస్తుంది. దానికి 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాకే సరి. ఈఎస్‌సీకి మారితే హాబీవింగ్ కంపెనీ 1060 చాలు. అందులో చిన్న జంపర్ (పీకి మార్చి పెట్టే ముక్క) ఉంటుంది, లైపోకి ఒకలా, నికెల్‌కి ఒకలా పెట్టాలి. అది చూడకుండా బిగించేసి తర్వాత బ్యాటరీని తిట్టేవాళ్లు చాలామంది.

సిరొంచ గోదారి

ఎలక్ట్రానిక్స్ గొడవ మీరు మీరు తేల్చుకోండి. ఆ నీలం రంగు మాత్రం ముందు తీసెయ్యండి బాబూ. మీ ఫోటో చూసి తట్టుకోలేకపోయాను. థిన్నర్‌తో రుద్దితే పోతుంది కదా?

బరంపురం బ్యాటరీ

థిన్నర్ పెడితే రంగుతో పాటు బాడీ కూడా పోతుంది! అది గట్టి పాలీస్టైరీన్ బాడీ, కరిగిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్షుతో గీకాలి. కొందరు బ్రేక్ ఆయిల్ వాడతారు, ఎనామెల్ బాగానే లేస్తుంది. కానీ ఎక్కువసేపు ఉంచితే ప్లాస్టిక్ పెళుసవుతుంది, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. పల్చటి పాలికార్బొనేట్ బాడీలకైతే బ్రేక్ ఆయిల్ దరిదాపులకు రానివ్వొద్దు.

పర్లాకిమిడి పాతసామాను

రంగు కూడా ముట్టుకోవద్దనే నేనంటాను. ఎవరు పూశారో కనుక్కున్నారా?

జయపురం కుర్రాడు

కనుక్కున్నానండీ. పూసింది మా బావే, స్కూల్లో చదివేటప్పుడు. ఇంటికి రంగులేస్తుంటే మిగిలిన డబ్బా దొరికిందట.

సిరొంచ గోదారి

హహహ! అయితే ఆయన కాపాడుకుంటున్నది ట్రక్కుని కాదు, తన పెయింటింగుని.

సునాబెడ టర్నర్

ఇంజిన్ల ఫ్యాక్టరీలో లేత్ మీద బతుకంతా గడిపినవాణ్ణి, ఇప్పుడు రిటైర్డ్. ఇలాంటి బండ్లు కొన్ని విప్పి బిగించాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

అందరూ ఒరిజినల్, ఒరిజినల్ అంటున్నారు. ఇది ఫ్యాక్టరీలో బిగించి అమ్మిన బండి కాదు, కిట్టు. పెట్టెలో విడిభాగాలు, ఒక పుస్తకం, స్టిక్కర్ల షీటు వచ్చేవి. మోటారు కూడా పెట్టెలోనే. రేడియో, బ్యాటరీ మాత్రం విడిగా కొనాలి. బిగించినవాడు, రంగేసినవాడు కొన్నవాడే. పర్లాకిమిడి గారు ఇంతగా మోస్తున్న ఆ రేడియోని టామియా ఈ బండితో ఇవ్వనేలేదు, మావయ్యగారు దుకాణంలో ఏది నచ్చితే అది కొనుంటారు. బుష్‌లు (ఇరుసు తిరిగే సాదా గొట్టాలు) తీసి బాల్ బేరింగులు వెయ్యడం, మోటారు మార్చడం 1986లో కూడా అందరూ చేసిన పనే. దీనికి ఫ్యాక్టరీ ఫినిష్ అంటూ ఒకటి లేదు. అందుకే "మార్చితే ఒరిజినల్ పోతుంది" అన్న మాట నాకు రుచించదు.

నేను పెట్టుకున్న గీత వేరు. డ్రిల్లు పెట్టకూడదు, కొయ్యకూడదు, అంటించకూడదు. ఈఎస్‌సీని డబుల్ సైడ్ టేపుతో అతికించండి, రిసీవర్‌ని పాత రిసీవర్ ఉన్నచోటే పెట్టండి. తీసిన ప్రతి ముక్కా ఒక డబ్బాలో వేసి పేరు రాయండి. మీ మనవడు కావాలంటే సాయంత్రానికి మళ్లీ మెకానికల్ కంట్రోలర్ బిగించుకోగలగాలి.

ఇక అసలు జబ్బుకి వద్దాం. ఈ బండి కింది భాగం 1983 నాటి ఫ్రాగ్ బగ్గీ నుంచి వచ్చింది. వెనక చక్రాలకు పోయే షాఫ్టుల కొసలు ఆరు పలకలుగా ఉంటాయి, అవి కప్పుల్లో కూర్చుని తిరుగుతాయి. తేలికపాటి బగ్గీకే ఆ పలకలు అరిగి గుండ్రమయ్యేవి. దానికి ఇంత పెద్ద టైర్లు తగిలిస్తే ఇంకేమవుతుంది? మీకు వినిపిస్తున్న టకటక అదే. తర్వాత మళ్లీ విడుదల చేసినప్పుడు టామియావాళ్లే ఆ పలకల షాఫ్టు మానేసి డాగ్‌బోన్ రకం (కొసల్లో అడ్డంగా పిన్ను ఉండేది) పెట్టారు. తయారుచేసినవాడే తప్పని ఒప్పుకున్న భాగాన్ని మనం పూజ చెయ్యక్కర్లేదు.

లేత్ పనివాడి దగ్గర షాఫ్టు చేయించవచ్చు, మా ఊళ్లో చేసేవాళ్లున్నారు. కానీ గట్టిదే మంచిదని ఈఎన్-24 లాంటి స్టీలు తెచ్చి హార్డెనింగ్ చేయించకండి. అప్పుడు షాఫ్టు అరగదు, కప్పు అరుగుతుంది. కప్పు మార్చాలంటే గేర్‌బాక్స్ మొత్తం విప్పాలి. దొరికే, చవకగా చేయించుకోగల ముక్కే అరిగేలా చూసుకోవాలి.

విప్పేముందు స్క్రూడ్రైవర్ సంగతి. జపాన్ స్క్రూలు చూడ్డానికి మన స్టార్ స్క్రూల్లాగే ఉంటాయి కానీ తల గాడి కొలత జేఐఎస్‌ది, అంటే జపాన్ ప్రమాణానిది. మామూలు ఫిలిప్స్ బిట్టు అందులో అడుగుదాకా దిగదు, బలం పెట్టగానే పైకి జారి గాడిని తినేస్తుంది. జేఐఎస్ డ్రైవర్ ఒకటి కొనండి. ఈ మొత్తం పనిలో మీరు పెట్టే ఖర్చుల్లో ఇదే మంచి ఖర్చు. లోపల పాత గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంటుంది, కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి కొత్తది రాయాలి. బుష్‌లు కొలిచి వాటికి తగ్గ బేరింగులు తెచ్చుకోండి. టామియాలో ఎక్కువగా కనిపించే సైజు 5×11×4, బేరింగ్ షాపులో ఎంఆర్115 అని అడగాలి. కిరండూల్ పాసింజర్ ఎక్కి విశాఖ వెళ్తే దొరుకుతాయి.

పర్లాకిమిడి పాతసామాను

టర్నర్ గారూ, మీ గీత బాగుంది కానీ అందులో ఒక పెద్ద కన్నం ఉంది. ఈఎస్‌సీ తీసెయ్యొచ్చు, ఒప్పుకున్నాను. నడపడాన్ని ఎలా వెనక్కి తీస్తారు? నలభై ఏళ్ల ప్లాస్టిక్ అది. రాయికి తగిలి ముందు సస్పెన్షన్ చెయ్యి పుటుక్కుమంటే అదేం డబ్బాలో పేరు రాసి పెట్టుకునే ముక్క కాదు. గేర్ పన్ను ఊడితే మళ్లీ రాదు. ఆ కోరాపుట్ ఎర్రమట్టి గేర్‌బాక్స్‌లో చేరితే సానపట్టినట్టే. డ్రిల్లు పెట్టలేదని సంబరపడితే సరిపోదు.

సునాబెడ టర్నర్

నిజమే, నడిపితే అరుగుతుంది. కానీ అటక మీద కూడా అది చెడిపోతూనే ఉంది కదండీ. మా కొండ మీద వానాకాలం ఎలా ఉంటుందో మీకు తెలుసు. స్క్రూలు తుప్పు, రేకులు నలుపు, గ్రీజు గడ్డ, టైర్లు రాయి, ఇవన్నీ ఒక్క అడుగు కూడా నడపకుండానే వచ్చాయి. నేను జంపులు చేయించమనడం లేదు. ఆ వెండిరంగు 540 మోటారే ఉంచి, ఎక్కువ స్పీడిచ్చే బ్రష్‌లెస్ మోటారు జోలికి పోకుండా, పొడి నేల మీద మెల్లగా నడపమంటున్నాను. వానలో వద్దు, చెరువు గట్టు బురదలో అసలే వద్దు.

బరంపురం బ్యాటరీ

మెల్లగా నడపాలంటే మళ్లీ ఈఎస్‌సీయే కావాలి. నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది అదే :)

పర్లాకిమిడి పాతసామాను

సరే, రేడియో సంగతి. 27 మెగాహెర్ట్జ్ చచ్చిపోయిందన్నట్టు మాట్లాడుతున్నారు. మన దేశంలో 26.957 నుంచి 27.283 దాకా 5 వాట్ల లోపు లైసెన్సు లేకుండానే వాడుకోవచ్చు. క్రిస్టల్ (రేడియో ఫ్రీక్వెన్సీని నిర్ణయించే చిన్న ముక్క) మీద రంగు చూడండి: ఎరుపైతే 27.045, పసుపైతే 27.145, నీలమైతే 27.255. ఇప్పుడా బ్యాండులో పోటీ పడేవాడు మీ పక్కింటి పిల్లాడి చైనా కారు తప్ప ఎవడూ లేడు. బాగుచేస్తే ఎందుకు పనిచెయ్యదు?

బరంపురం బ్యాటరీ

పనిచేస్తుంది. సిగ్నల్ తప్పిన క్షణంలో ఏం చేస్తుందన్నదే ప్రశ్న. 2.4 సెట్‌లో ఫెయిల్‌సేఫ్ పెట్టుకుంటే రిమోట్ ఆగిపోగానే బండి ఆగుతుంది. పాత రిసీవర్‌కి ఏ చెత్త శబ్దం తగిలినా దాన్నే ఆజ్ఞ అనుకుని సర్వో తిప్పుతుంది. ఫుల్ స్పీడులో రేకు ఇరుక్కుపోయిన బండి గోడ దాకా ఆగదు. మీకు సస్పెన్షన్ చెయ్యి మీద అంత బెంగ ఉంటే మీరే 2.4 అడగాలి.

పర్లాకిమిడి పాతసామాను

నేను నడపమనలేదుగా. బల్ల మీద, చక్రాలు గాల్లో పెట్టి పాత రేడియోతో తిప్పి చూడండి. స్టీరింగ్ తిరిగి, రేకుల మీద చెయ్యి జరిగి, మోటారు కూస్తే చాలు. నా దృష్టిలో రిస్టోర్ చెయ్యడమంటే అంతవరకే.

జయపురం కుర్రాడు

రేడియోలో కారిన సెల్స్ ఎలా శుభ్రం చెయ్యాలి? నిమ్మరసం రాయమని ఒక వీడియోలో చూశాను.

సునాబెడ టర్నర్

ఏ సెల్స్ అన్నదాన్ని బట్టి. ఆ వీడియోలు ఆల్కలైన్ సెల్స్ గురించి. వాటిలోంచి కారేది క్షారం కాబట్టి నిమ్మరసం, వెనిగర్ పనిచేస్తాయి. మన దగ్గర ఆ రోజుల్లో ఎక్కువగా అమ్మింది జింక్ కార్బన్ సెల్స్, వాటి ద్రవం ఆమ్ల గుణం. దాని మీద నిమ్మరసం పోస్తే ఆమ్లం మీద ఆమ్లమే. నీళ్లలో వంట సోడా కలిపి దూదితో అద్ది తుడవండి. తర్వాత ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టండి. సెల్ పెంకు మీద అక్షరాలు ఇంకా కనిపిస్తుంటే చదివి నిర్ణయించుకోండి.

క్రిస్టల్స్ బయటికి తీస్తే ఏది రిమోట్‌ది, ఏది రిసీవర్‌ది అని గుర్తు పెట్టుకోండి. రిసీవర్‌ది 455 కిలోహెర్ట్జ్ తక్కువలో ఉంటుంది, తారుమారైతే రేడియో మొత్తం పోయిందనుకుంటారు. మోటారు వెనక అతికించిన చిన్న కెపాసిటర్లు కూడా పీకకండి. అవి లేకపోతే బ్రష్‌ల నిప్పురవ్వల గోల నేరుగా రిసీవర్‌లోకి వెళ్తుంది.

సిరొంచ గోదారి

ఇంత చదివాక కూడా నా ఓటు రంగు తీసెయ్యడానికే.

జయపురం కుర్రాడు

బావతో మాట్లాడాను. రంగు ఉంచుతున్నాను, ఆయన ముఖం చూసి. గేర్‌బాక్స్ ఈ ఆదివారం విప్పుతాను, జేఐఎస్ డ్రైవర్ వచ్చింది. పాత రేడియో, కంట్రోలర్ శుభ్రం చేసి పర్లాకిమిడి గారన్నట్టు బల్ల మీద తిప్పి వీడియో పెడతాను. అది అయ్యాక రెండూ డబ్బాలోకి వెళ్తాయి, బండికి ఈఎస్‌సీ, 2.4 పెడతాను.

పర్లాకిమిడి పాతసామాను

వీడియో పెట్టండి. ఈఎస్‌సీ పెట్టిన తర్వాతి వీడియోకి మాత్రం నన్ను పిలవకండి.

సునాబెడ టర్నర్

విప్పేటప్పుడు డిఫరెన్షియల్ మూత కింద ఒక పళ్లెం పెట్టుకోండి, చిన్న వాషర్లు పడతాయి. అరిగిన షాఫ్టు కొసని వెర్నియర్‌తో పలక నుంచి పలకకి కొలిచి ఇక్కడ రాయండి. రెండో వైపుది కూడా కొలవండి, ఎంత అరిగిందో తేడాలో తెలుస్తుంది. అప్పుడు చేయించాలో వద్దో చెప్తాను.