ఫ్రీ డే నాడు పాడించడమేంటి? వియన్నా వెళ్లిన మన పిల్లల క్వయర్ గురించి

గిరిరోడ్డు అమ్మ: మే నెలలో బరంపురం నుంచి మన తెలుగు పిల్లల క్వయర్ వియన్నా వెళ్లొచ్చింది కదా. ఇరవై రెండు మంది. పది రోజుల్లో ఒక్క ఆదివారమే ఫ్రీ డే, పిల్లలు నలుగురేసి గుంపులుగా ఊరు చూసుకోవచ్చని మీటింగులో చెప్పారు. తీరా ఆ రోజు పదకొండు మందిని అక్కడ ఓ తెలుగాయన ఇంటికి భోజనానికి తీసుకెళ్లి గంటసేపు పాడించారు. సోమవారం కచేరీకి మా అమ్మాయి గొంతు పీలగా పోయింది. ఇది న్యాయమా?

పాత టెనర్: అమ్మా, వియన్నాలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు. అక్కడి చట్టమే అంత. పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని కొట్లు తెరిచి ఉంటాయి, అంతే. పిల్లలు తిరిగి మాత్రం ఏం చేస్తారు? వారం రోజులు బ్రెడ్డు తిన్న పిల్లలకి పప్పన్నం పెడతామంటే వద్దంటామా?

గిరిరోడ్డు అమ్మ: కొనడానికని ఎవరన్నారు? 1498లో మొదలైన వియన్నా బాయ్స్ క్వయర్ ఆదివారం పొద్దున్న రాజుగారి కోట చాపెల్‌లో పాడుతుంది. 71 నంబరు ట్రామ్ ఎక్కితే బీథోవెన్, షూబర్ట్ సమాధులు పక్కపక్కనే ఉంటాయి. పాట నేర్చుకునే పిల్లలు చూడాల్సినవి ఇవి కావా?

అప్పడాల వీధి: ఫ్రీ డే నాడు శ్మశానానికా 😀

పర్లాకిమిడి మాస్టారు: అక్కడ మొజార్ట్‌కి స్మారకం మాత్రమే ఉంది. ఆయన్ని పూడ్చింది సెయింట్ మార్క్స్ శ్మశానంలో. చాలామంది పొరబడతారు.

గిరిరోడ్డు అమ్మ: మాస్టారూ, నేను మొజార్ట్ పేరే ఎత్తలేదు.

పాత టెనర్: దుకాణాలు మూసుంటాయన్నదానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. సరే, మా సంగతి చెప్తాను. మేం సింగపూర్ వెళ్లినప్పుడు ఫ్రీ డే అన్న మాటే వినలేదు. కచేరీ అయిన రాత్రి హోటల్ బాత్రూంలో అందరి కుర్తాలూ ఉతికింది నేనూ ఇంకో కుర్రాడూ. షవర్ రాడ్డు మీద ఆరేస్తే అది ఊడి నా నెత్తిన పడింది. తెల్లారి తడి కుర్తాతోనే పాడాను. ఇంటికొచ్చి ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. ఈ కాలం పిల్లలకి గంటసేపు పాడితే కష్టం, వాళ్ల అమ్మలకి టెన్షన్.

రాయగడ రైలు: మీ నెత్తిన రాడ్డు పడిందని అందరి నెత్తినా పడాలా సార్?

పాత టెనర్: వెటకారాలొద్దు. పాడటం క్వయర్ పని.

కామపల్లి తమ్ముడు: నేను మామూలుగా చదివి ఊరుకుంటాను. మా చెల్లి కూడా ఆ పదకొండు మందిలో ఉంది. మిగతా పదకొండు మంది ఎక్కడున్నారో ఎవరూ అడగరేం? ప్రాటర్ అనే పార్కులో, 1897 నాటి జెయింట్ వీల్ దగ్గర. ఎర్ర డబ్బా కిటికీలోంచి చేతులు ఊపుతున్న ఫొటో గ్రూపులో పెట్టారు. డబ్బు పూర్తిగా కట్టినవాళ్ల పిల్లలు అటు, చందాతో వెళ్లినవాళ్లు ఇటు. ఒక్కరైనా అటుదిటు మారారా చెప్పండి.

పాత టెనర్: అదేదో కావాలని చేసినట్టు మాట్లాడకు బాబూ. భోజనం పెట్టినాయనే చందాలో పెద్ద వాటా ఇచ్చారు. తాను పంపిన పిల్లల పాట వినాలనుకున్నారు. కృతజ్ఞత చూపించడం తప్పా?

గిరిరోడ్డు అమ్మ: అయితే కావాలనే పంపారన్నమాట. ఇందాకటి నుంచీ దుకాణాలు, దుకాణాలు అన్నారు. మా అమ్మాయి చందాతోనే వెళ్లింది. సిగ్గేసి పైన రాయలేదు. వీసాకి మా ఇద్దరి సంతకాలూ తీసుకున్నారు, గొంతు బాగుందని డాక్టరు కాగితం తీసుకున్నారు. ఆ రోజే ఈ మాట కూడా చెప్పుంటే సరేననేదాన్నేమో. అందరూ వెళ్లి పాడినా నాకు బాధ లేదు.

పాత టెనర్: ఇరవై రెండు మందికి ఆ ఇంట్లో చోటెక్కడ?

రాయగడ రైలు: చీటీలు వెయ్యాల్సింది.

పర్లాకిమిడి మాస్టారు: ఆ చక్రానికి మొదట ముప్పై డబ్బాలు, ఇప్పుడు పదిహేనే.

అప్పడాల వీధి: ఒక్క సందేహం. మన అప్పడాలు, ఆవకాయ పట్టుకెళ్లారని విన్నాను. ఆయనకేనా?

కామపల్లి తమ్ముడు: ఆయనకే. ఆరు కిలోలు. ఈ పదకొండు మంది పెట్టెల్లోనే సర్దారు. సీసా మూత వదులై మా చెల్లి కచేరీ చీరకి నూనె మరక పట్టింది, ఇంకా వదల్లేదు.