విశాఖ–హైదరాబాద్ విమానం: శబ్దాలు తట్టుకోలేని బాబు, ఎగరడమంటేనే వణికే తల్లి. ఎలా సిద్ధం చేయాలి?

సాగర్‌నగర్ అడుగుతున్నారు:

మా అక్క, పదేళ్ళ మేనల్లుడు వచ్చే నెల విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్ళాలి. ఇద్దరికీ ఇదే మొదటి విమానం. బాబుకి ఆటిజం. మిక్సీ, కుక్కర్ విజిల్, పెళ్ళి బ్యాండు వినబడితే చెవులు మూసుకుని కింద కూర్చుండిపోతాడు. చెప్పకుండా ఎవరైనా ముట్టుకుంటే కేకలు పెడతాడు. అక్కకి లిఫ్టు ఎక్కినా గుండెదడే. రాత్రంతా రైల్లో జనం మధ్య వాడికి ఇంకా కష్టం కాబట్టి విమానమే అనుకున్నాం. ఏ సీటు తీసుకోవాలి? సెక్యూరిటీ ఎలా దాటించాలి? ఏ శబ్దం ఎప్పుడొస్తుంది? ఇద్దరికీ నిద్రమాత్ర వేయొచ్చా?

ఎన్‌ఏడీ కొత్తరోడ్డు:

టికెట్ కొన్న వెంటనే, కనీసం 48 గంటల ముందు, ఎయిర్‌లైన్ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి బుకింగ్‌లో డీపీఎన్‌ఏ కోడ్ వేయమనండి. ఎదుగుదలకు సంబంధించిన వైకల్యం ఉన్నవారికి సాయం కావాలని చెప్పే కోడ్ అది. కౌంటర్‌లో చాలాసార్లు వీల్‌ఛైర్ రాసేస్తారు. మీకు కావలసింది వీల్‌ఛైర్ కాదని గట్టిగా చెప్పండి. యూడీఐడీ కార్డు (వైకల్యానికి ప్రభుత్వమిచ్చే గుర్తింపు కార్డు) అసలుది చేతిలో, ఫోటో ఫోన్‌లో ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి మొహమాటపడనక్కర్లేదు.

ఇలాంటి పిల్లల్ని ముందే ఎక్కిస్తామంటారు. నా సలహా, వద్దనండి. ముందు ఎక్కితే అరగంట కదలని క్యాబిన్‌లో, పైన సామాను పెట్టెలు ధడేల్‌మంటుంటే కూర్చోవాలి. ఆఖర్న ఎక్కుతామని గేటు దగ్గర సిబ్బందితో ముందే మాట్లాడి, ఆ పక్కనే ఉండండి. బయలుదేరడానికి 25 నిమిషాల ముందే గేటు మూసేస్తుంటారు, బోర్డింగ్ పాస్ మీది సమయం చూసుకోండి. ఆఖర్న ఎక్కితే పైన చోటు దొరకదు, ముందు సీటు కిందకి పట్టే చిన్న బ్యాగు చాలు.

అసలు చిక్కు సెక్యూరిటీ దగ్గర. ఆడవాళ్ళని తెర వెనక తనిఖీ చేస్తారు, మగపిల్లాడిది వేరే వరుస. తల్లి తెర లోపలుండగా బాబు ఒక్కడే అవతల మిగిలిపోతాడు. వరుసలో నిలబడకముందే సీఐఎస్‌ఎఫ్ అధికారికి కార్డు చూపించి రెండే అడగండి: ఇద్దరినీ విడదీయకుండా చూడమని, చేతి డిటెక్టర్ బాబుకి పెట్టేముందు తల్లికి పెట్టి చూపించమని. తనిఖీ మాత్రం ఎవరికీ తప్పదు. బెల్టు, లోహపు బొత్తాలు, జిప్పులు లేని బట్టలు వేస్తే బీప్ తగ్గుతుంది, తడమడమూ తగ్గుతుంది. హెడ్‌ఫోన్లు ట్రేలో పెట్టాల్సిందే, ఆ రెండు నిమిషాలకి చెవుల్లో ఫోమ్ ప్లగ్‌లు ఉంచండి.

టెర్మినల్ బాత్రూముల్లో చేయి పెట్టగానే గర్జించే హ్యాండ్ డ్రయ్యర్లుంటాయి. చేతులు తుడవడానికి తువ్వాలు మీరే పట్టుకెళ్ళండి. మనది నేవీ ఎయిర్‌ఫీల్డ్, రన్‌వే వైపు ఫోటోలు, వీడియోలు తీయకూడదు. బాబు ఫోన్‌లో వీడియో తీసే అలవాటుంటే ముందే చెప్పి ఉంచండి.

హ్యాంగర్ పక్కన:

శబ్దాల వరుస రాస్తున్నాను. ఏ320 రకం జెట్ విమానానికి ఇది. కాగితం మీద బొమ్మలుగా గీసి బాబుకిస్తే ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటాడు. అక్కకీ అదే కాగితం పనికొస్తుంది.

తలుపులు తెరిచి ఉండగా ఏసీ సందుల్లోంచి తెల్లగా పొగలాంటిది దిగుతుంది. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కదా, చల్లగాలి తగిలి అది పొగమంచులా మారుతుంది. పొగ కాదు, వాసన ఉండదు. ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు ఏసీ హోరు ఒక్కసారి ఆగిపోతుంది. గాలిని ఇంజిన్ తిప్పడానికి వాడతారు, అందుకే. లైట్లు ఒకసారి మిణుక్కుమనొచ్చు. ఆ తర్వాత నేల కింద, రెక్కల మధ్య, కుక్క మొరిగినట్టో రంపం కోసినట్టో చప్పుడు కొన్నిసార్లు వస్తుంది. ఒక హైడ్రాలిక్ వ్యవస్థ ఒత్తిడిని ఇంకో దానికి అందించే యూనిట్ అది. కొత్తవాళ్ళు దీనికే ఎక్కువ బెదురుతారు.

టేకాఫ్ పరుగు 30, 40 సెకన్లు, అప్పుడు హోరు గట్టిగానే ఉంటుంది. నేల విడిచిన కొన్ని సెకన్లకి చక్రాలు లోపలికి ముడుచుకుంటూ కింద ధబ్‌మంటుంది. నిమిషం లోపే, వెయ్యీ పదిహేను వందల అడుగుల దగ్గర, పైలట్ ఇంజిన్ శక్తి తగ్గిస్తాడు. హోరు పడిపోతుంది, కడుపులో జారినట్టుంటుంది. ఇంజిన్ ఆగిపోయిందని గుండె గుభేల్‌మనేది ఇక్కడే. విమానం పైకే పోతుంటుంది, ఎక్కే వేగం తగ్గింది కాబట్టి శరీరం కిందికి పోతున్నట్టు పొరబడుతుంది. అక్కకి ఈ ఒక్కటీ ముందే చెప్పండి, మిగతావి మరిచిపోయినా ఫరవాలేదు. రెక్కల దగ్గర గుయ్‌మని తిరిగేది ఫ్లాప్స్ మోటారు. "డింగ్" మోగితే సిబ్బంది ఒకరినొకరు పిలుచుకోవడమో, బెల్టు గుర్తు వెలగడమో అనుకోండి.

దిగడం దాదాపు 25 నిమిషాలు. మధ్యలో రెక్క మీద పలకలు లేస్తే గరగరమని అదురుతుంది, వేగం తగ్గించడానికి అది. మూడు, నాలుగు నిమిషాల ముందు చక్రాలు దిగుతాయి, గాలి ఒక్కసారిగా రొదపెడుతుంది. నేల తాకగానే పది, పదిహేను సెకన్లు పెద్ద గర్జన ఉంటుంది. అది రివర్స్ థ్రస్ట్, అంటే విమానం వేగం తగ్గించడానికి ఇంజిన్ గాలిని ముందుకు మళ్ళించడం. ఆ సమయానికి ఇయర్‌మఫ్‌లు పెట్టి ఉండాలి.

తిరుగు ప్రయాణంలో సముద్రం వైపు నుంచి విశాఖలో దిగితే కిటికీలో చాలాసేపు నీళ్ళే కనిపిస్తాయి. నీళ్ళలో దిగుతున్నామని అక్క కంగారుపడకూడదు. పోర్టు దాటాకే రన్‌వే.

మురళీనగర్ ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్ట్):

ఫోమ్ ప్లగ్‌లు, పైన ఇయర్‌మఫ్‌లు, రెండూ కొని ఇవాళ్టి నుంచే ఇంట్లో మిక్సీ వేసేటప్పుడు అలవాటు చేయండి. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు ఇంజిన్ హోరుని బాగా తగ్గిస్తాయి, హఠాత్తుగా వచ్చే అనౌన్స్‌మెంట్‌ని అంతగా ఆపవు. కొందరు పిల్లలకి చెవి బిగిసినట్టనిపించి పీకేస్తారు, కాబట్టి ఒకరోజు పెట్టి చూసి కొనండి.

చెవిపోటు వేరే సంగతి. హెడ్‌ఫోన్లు దాన్ని ఆపవు. విమానం దిగుతున్నప్పుడు క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెరుగుతుంది, ముక్కునీ చెవినీ కలిపే గొట్టం తెరుచుకోకపోతే కర్ణభేరి లోపలికి గుంజుకుంటుంది. మింగితే గొట్టం తెరుచుకుంటుంది. ఆ 25 నిమిషాలూ స్ట్రాతో కొంచెం కొంచెం నీళ్ళు, నమలడానికి మురమురాలో చెగోడీలో ఇస్తూ ఉండండి. ఫోమ్ ప్లగ్‌లు అప్పటికి తీసేసి మఫ్‌లు మాత్రం ఉంచండి. వాడు నిద్రపోతుంటే లేపాలి. జలుబు ముదిరి ఉంటే ముందే డాక్టర్‌కి చూపించండి.

విమానం టాయిలెట్ ఫ్లష్ పెద్ద చప్పుడుతో పీలుస్తుంది. టెర్మినల్‌లోనే వెళ్ళొస్తే మేలు. తప్పకపోతే మూత వేసి, బాబుని బయట నిలబెట్టి మీరు నొక్కండి.

పెదవాల్తేరు:

నిద్రమాత్ర గురించి. బాబుకి సొంతంగా ఏదీ వద్దు. జలుబు మందుల్లో మత్తునిచ్చే రకం కొందరు పిల్లల్ని నిద్రపుచ్చకపోగా ఇంకా రెచ్చగొడుతుంది. వాడి డాక్టర్ ఇస్తే, మొదటి మోతాదు ఇంట్లోనే చూడాలి. అక్క విషయంలో నేను ఇంకా గట్టిగా చెబుతాను: బాబుని ఒంటరిగా చూసుకోవలసిన మనిషి మత్తులో ఉండకూడదు. గుండెదడకిచ్చే ప్రొప్రనొలాల్ ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రమాదం.

భయం ఎక్కువైనప్పుడు గట్టిగా గాలి పీల్చుకోమనకండి. అతిగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు, పెదాలు తిమ్మిరెక్కి తల తిరుగుతుంది, ప్రాణం పోతోందనిపిస్తుంది. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలాలి. భుజాలు దించి, పాదాలు నేలకి నొక్కి పట్టాలి. భయం సాధారణంగా పది నిమిషాల్లో తారాస్థాయికి చేరి తగ్గడం మొదలెడుతుంది. దాన్ని ఆపాలని పోరాడే కొద్దీ ఇంకా సాగుతుంది. ఆ ఉదయం కాఫీ మానేసి, రెండు ఇడ్లీలైనా తినాలి.

కుదుపులకి రెక్కలు ఊగుతుంటే విరుగుతాయేమోనంటారు. వాటిని వంగేలానే తయారుచేస్తారు. సర్వీసులో ఎదురవ్వొచ్చని లెక్కగట్టిన గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకుంటేనే అనుమతి. ఉదయం విమానం ఎంచుకోండి, నేల వేడెక్కక ముందు గాలి నిలకడగా ఉంటుంది. లిఫ్టులో కూడా ఉన్న భయం కాబట్టి ప్రయాణానికి ముందే ఒకసారి మాట్లాడించడం మంచిది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఓపీ కూడా ఉంది.

సాగర్‌నగర్:

చాలా థాంక్సండి. కాగితం ఈ రాత్రే గీస్తాను. సీటు సంగతి ఎవరూ చెప్పలేదు. ప్రొపెల్లర్లుండే చిన్న విమానం, ఏటీఆర్ అయితే తేడా ఉంటుందా?

హ్యాంగర్ పక్కన:

ఉంటుంది, పూర్తిగా తిరగబడుతుంది. ఏ320లో ఇంజిన్ల వెనకే హోరు ఎక్కువ, ముందు వరుసలు నయం. ఏటీఆర్ 72లో ప్రొపెల్లర్లు ముందువైపుంటాయి, వెనక వరుసలు నయం, ఎక్కేదీ వెనక తలుపు నుంచే. కుదుపు తక్కువ కావాలంటే ఏదైనా రెక్కల దగ్గర. బాబుకి చప్పుడు ముఖ్యం కాబట్టి ఏ320లో నాలుగో వరుస నుంచి ఎనిమిదో వరుస లోపు, కిటికీ బాబుకి, మధ్య సీటు అక్కకి. అప్పుడు పక్కవాళ్ళ మోచెయ్యి వాడికి తగలదు. ఎమర్జెన్సీ తలుపుల వరుసలో పిల్లల్ని కూర్చోనివ్వరు. ఆగాక అందరూ దిగేదాకా లేవొద్దని అక్కకి చెప్పండి, సాయం రాయించుకున్నవాళ్ళని ఎలాగూ ఆఖర్నే దింపుతారు.